చిల్లు లేని ఆకు

కాని ఒక్క చిల్లయినా ఉండాలి కదా. పురుగు ముట్టని గోంగూర ఎక్కడైనా ఉంటుందా? కోపమే రాని మనిషి ఉన్నాడంటే మంగతాయారు ఎంత నమ్ముతుందో దీన్నీ అంతే నమ్ముతుంది. ఇంత నునుపు దానంతటది రాదు, ఎవరో ఎక్కడో దేన్నో చంపితే వస్తుంది. మనుషుల ఎదురుగా కుర్చీ వేసుకుని వాళ్ళ గోడు వినడమే ఉద్యోగంగా బతికిన రోజుల్లో కూడా అంతే. ఏడ్చేవాళ్ళను చూస్తే ఆమెకు భయం వేసేది కాదు. 'నాకేం బాధ లేదండీ' అని తేటగా నవ్వినవాళ్ళను చూస్తే వేసేది.

మడి పక్కన గొంతుకూర్చుని ఆమె ఆకులు ఒక్కొక్కటే తిరగేసింది. పైన చిల్లు లేదు. అడుగున గుడ్డు లేదు. పక్క మడిలో క్యాబేజీ మీద నత్త పాకిన జాడ లేదు. నేల మీద చీమ కూడా లేదు. మడి చివర పాతిన పచ్చ పలక మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలున్నాయి: ఈ తోటలో రసాయనాలు వాడము, ఇక్కడ పురుగుకు కూడా చోటుంది.

చోటయితే ఉంది. పురుగే లేదు.

"ఆంటీ, ఆర్ యూ ఓకే?" అంది వెనక నిలబడ్డ పింకీ.

టూవూంబా ఊరి చివర నాలుగు భవనాల చిన్న కాలేజీ అది. పేరు వాటిల్ రిడ్జ్. చదువులో పెద్ద పేరు లేదు గాని పచ్చదనంలో ఉంది. కప్పుల మీద సోలార్ పలకలు, చెత్తకు నాలుగు రంగుల డబ్బాలు, వాననీళ్ళు పట్టే పెద్ద ట్యాంకు, ఆ నీళ్ళనే వడకట్టి ఇచ్చే కేఫ్, వంటింటి చెత్తను ఎరువు చేసే వానపాముల పెట్టె. ఎల్లుండి శుక్రవారం జాతీయ స్థాయి బహుమతి కోసం పరిశీలకులు వస్తున్నారు. ఇదంతా నడిపించే పెద్దమనిషి ద్వారకానాథ్. ఆయన కూతురే పింకీ. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

పోయిన గురువారం మధ్యాహ్నం ఈ ట్యాంకు నిచ్చెన మీదనుంచి పడి చందు అనే కుర్రాడు చచ్చిపోయాడు. పల్నాడు నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్ చదువుతూ, గంటల లెక్కన ఈ తోటలో పని చేసేవాడు. మూడున్నరకు పింకీకి ఒక వాయిస్ మెసేజి పెట్టాడు. నాలుగింటికి తోటపని చూసే గ్రెగ్ వచ్చేసరికి సిమెంటు గచ్చు మీద పడి ఉన్నాడు. పక్కన బీరు డబ్బాల సంచి. తాగి ఎక్కాడు, పడ్డాడు అని పోలీసులు ప్రాథమికంగా అనుకున్నారు. రక్తపరీక్ష ఫలితం రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా తమ తప్పేమీ లేదని చెప్పే స్వతంత్ర నివేదిక ఒకటి ఉంటే బాగుంటుందని కాలేజీవాళ్ళు లైసెన్సున్న పరిశోధకురాలు మంగతాయారును పిలిచారు. వాళ్ళకు కావలసింది 'స్వతంత్ర' అన్న మాట. నివేదికలో ఏముండాలో ఫోనులోనే చెప్పేశారు.

చందు మెసేజి అంటూ వాళ్ళు ఆమెకు ఇచ్చింది ఇంగ్లీషు అనువాదం ఒక్కటే. పింకీ, మళ్ళీ తాగాను. ఆ వాసన నాకు తెలుసు. వద్దని ఎంత చెప్పినా నేను వినలేదు. ట్యాంకు చూస్తున్నాను. నువ్వయినా నాకు చెప్పు. అనువాదం చేసింది ద్వారకానాథే. ఆ పూట పోలీసులకు అందుబాటులో ఉన్న తెలుగు పెద్దమనిషి ఆయనొక్కడే.

పింకీ కళ్ళు కారుతున్నాయి. స్వెట్టరు చేత్తో తుడుచుకుంటోంది, మళ్ళీ కారుతున్నాయి. మే నెల చలిలో కూడా పై పెదవి మీద చెమట మెరుస్తోంది. ఎండలో నిలబడింది కాబోలు, కంటిపాపలు చుక్కల్లా కుంచించుకుపోయాయి. ఆ పిల్ల ఏడుపు ఆపడం లేదని పొద్దుట్నుంచి కాలేజీలో అయిదుగురు చెప్పారు. మంగతాయారు కూడా మనసులో అదే రాసుకుంది: దుఃఖం, దాని కింద అపరాధభావం.

టిష్యూల పొట్లం తీసి మడి చెక్క మీద పెట్టి, చేయి చాచినంత దూరం జరిపింది. అందించలేదు. ఎదుటివాళ్ళను ముట్టుకోకూడదు, భుజం తట్టకూడదు, చేతిలోంచి ఏదీ తీసుకోకూడదు. పాత ఉద్యోగం నేర్పిన నియమం అది. ఉద్యోగం పోయినా నియమం మిగిలింది. ఇంట్లో ముట్టుకోవడానికి ఎవరూ లేరు గనక అది ఆమెకు కష్టంగా కూడా ఉండదు.

"నువ్వయినా చెప్పు అన్నాడు ఆంటీ," అంది పింకీ. ఆ ఒక్క ముక్క తెలుగులో అని, తక్కినదంతా ఇంగ్లీషులో పోసింది. తను క్లాసులో ఉండి మెసేజి ఆలస్యంగా విందట. ఏం చెప్పమన్నాడో తెలియడం లేదట. తాగొద్దని చెప్పమన్నాడా, దిగిరమ్మని చెప్పమన్నాడా? ఆ చెప్పాల్సిన మాటేదో తెలిసి ఉంటే బతికేవాడేమో అని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదట. తలనొప్పి, వాంతులు. చేతిలోని స్టీలు సీసా మూత తిప్పి రెండు గుక్కలు తాగింది.

మంగతాయారు వానపాముల పెట్టె మూత ఎత్తింది. పైన వేసిన క్యారెట్ తొక్కలు, టీ పొడి వేసినవి వేసినట్టే ఉన్నాయి. పాములన్నీ ఒకే పొడవువి, ఒక మూల కొబ్బరిపీచు ముద్దలో చుట్టచుట్టుకుని ఉన్నాయి. దుకాణంలో అమ్మే పెట్టెలోంచి బోర్లించిన ముద్ద అది. ఇంకా చెదరలేదు.

"ఇవి కొత్తవా?"

పాతవి ఎండకు చచ్చిపోయాయని, డాడ్ మొన్ననే కొత్తవి తెచ్చాడని పింకీ చెప్పింది. చెబుతూ స్వెట్టరు జిప్పు మెడదాకా లాక్కుంది.

ఎండకు, అనుకుంది మంగతాయారు. ఈ చలిలో.

"ఏం మేడమ్, గోంగూర తెంపుకుంటున్నరా? తొక్కు పెడితే నాక్కూడ ఒక సీసా పంపండి."

కార్తికేయ వచ్చాడు. బ్రిస్బేన్‌లో ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళ పరిశోధకుడు. ముప్ఫై దాటలేదు. తోటలోకి వచ్చేటప్పుడు కూడా బూట్ల కేసే చూసుకుంటూ నడుస్తాడు. ఎక్కడికి వెళ్ళినా మంగతాయారు కన్నా ఒక రోజు ముందు వెళ్ళి, ఒక వారం ముందు తేల్చేస్తాడు.

"పంపుతాను. తిన్నాక నీ రిపోర్టు ఎవరు రాస్తారు?"

"నాది అయిపోయింది మేడమ్. మందు కొట్టిండు, నిచ్చెన ఎక్కిండు, పడ్డడు. మూడు ముక్కలు. మీరేమో పురుగుల పెట్టెతోని ముచ్చట పెట్టుకుంటున్నరు."

మంగతాయారు పింకీని లోపలికి వెళ్ళమంది. ఆ పిల్ల కనుమరుగయ్యేదాకా ఆగి, బీరు డబ్బాల సంగతి ఎత్తింది. పోలీసులు తీసిన ఫొటో అతని దగ్గరుంది. చూపించమంది. సంచి మూతి ప్లాస్టిక్ తాడుతో బిగించి ఉంది. లోపల డబ్బాలన్నీ నలిపినవే. గురువారాలు కాలేజీలో ఖాళీ డబ్బాలు ఏరి, డబ్బాకింతని డబ్బులిచ్చే వాపసు కేంద్రానికి చేర్చడం చందు పనుల్లో ఒకటి. పని చేసేవాళ్ళందరికీ తెలిసిన విషయమే. ఎవరూ అడగలేదు గనక ఎవరూ చెప్పలేదు.

"ముడి వేసిన సంచిలోంచి ఎలా తాగాడు?"

కార్తికేయ ఒక్క క్షణమే తగ్గాడు. "సంచి వదిలెయ్యండి. పిలగాడు సొంత నోటితో చెప్పిండు కదా. మీరు విన్నరా అసలు?"

వినలేదు. కాగితమే చదివింది. ఆ మాట ఆమె అనకముందే అతను ఫోను తీసి మీట నొక్కాడు.

ముందు గాలి. కొండ అంచున కొట్టే గాలి, గుడ్డ చింపినట్టు. దాని మధ్య ఒక గొంతు. ఆయాసపడుతున్న, సిగ్గుపడుతున్న, బాగా చిన్నవాడి గొంతు.

"పింకీ... మళ్ళీ మందు కొట్టా..." గాలి. "ఆ వాసన నాకు తెలీదా... వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు... ట్యాంకు చూస్తన్నా... నువ్వయినా చెప్పు."

ముందు పోల్చుకుంది ఆమె చెవి కాదు, ముక్కు. పత్తిచేలు. వీపు మీద డబ్బా, చేతిలో గొట్టం, ముఖానికి తువ్వాలు కట్టుకుని సాళ్ళ మధ్య నడిచే మనుషులు. బడినుంచి వచ్చే దారిలో ఆ వాసన తగిలితే ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళు. ఇంటికెళ్ళి ఎవరి చేలో మందు కొడుతున్నారో చెప్పేవాళ్ళు. ఆ మాటే. అచ్చంగా ఆ మాటే.

"కార్తికేయా, నువ్వెక్కడ పెరిగావు?"

"మల్కాజిగిరి. ఎందుకు?"

"పొలం ఎప్పుడైనా చూశావా?"

"చూసిన. బస్సులకెల్లి."

"మీ వీధిలో మందు కొట్టడమంటే సీసా. మా ఊళ్ళో మందు కొట్టడమంటే పురుగుమందు చల్లడం. చందుది పల్నాడు, మిరప పండే ఊరు. ఆ వాసన నాకు తెలీదా అంటున్నాడు చూడు. బీరు వాసన తెలుసని ఎవడూ అంత గర్వంగా చెప్పుకోడు."

అతను నవ్వబోయి మానేశాడు. తరవాత మొండిగా, "కొట్టా అన్నడు కదా. కొట్టా అంటే నేను కొట్టిన అనే. సరే, పురుగుమందే అనుకోండి. వాడే కొట్టిండు," అన్నాడు.

మళ్ళీ వినిపించమంది. ఈసారి ఫోను చెవికి ఆనించుకుంది. గాలి లేస్తోంది, 'కొట్టా' దాన్ని దాటుకుని వస్తోంది, దాని తోక గాలిలో మునుగుతోంది. కాని నాలుక పైకి మడతపడిన చిన్న చప్పుడు ఉంది. ర. 'కొట్టారు'.

"'వినలేదు' అన్న మాట 'నేను'కీ సరిపోతుంది, 'ఆయన'కీ సరిపోతుంది. కొట్టా దగ్గర గాలి వీచింది. అనువాదం చేసినాయనకు అదే కలిసొచ్చింది," అంది. "తెలుగులో మనిషి మాట చివర ఉంటాడు. అక్కడ చెరిపేస్తే ఎవరిదైనా ఎవరి మీదైనా పెట్టొచ్చు."

"ఒక్క అక్షరం మీద కేసా మేడమ్?"

"ఈ కాలేజీలో నువ్వు ఎవరిని 'రు' అంటావు? గ్రెగ్‌ని?"

"గ్రెగ్ వచ్చిండు, గ్రెగ్ పోయిండు."

"ప్రిన్సిపాల్‌ని?"

ఈ దేశంలో తెల్లవాళ్ళంతా, చిన్నా పెద్దా లేకుండా, తెలుగువాళ్ళ నోట్లో ఏకవచనమే. 'రు' మాత్రం మనవాళ్ళకే దాచి ఉంచుకుంటాం. ఈ ఆవరణలో చందు దాన్ని ఎవరికి వాడతాడో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ముగ్గురు నలుగురు కలిసి కొట్టారనే అర్థం కూడా రావచ్చు కదా అని కార్తికేయ గొణిగాడు. రావచ్చు అని ఆమె కూడా ఒప్పుకుంది. ఒప్పుకుని, ఆఫీసు వైపు నడిచింది.

ద్వారకానాథ్ గదిలో చీకటి. కిటికీ తెరలు సగం దింపి ఉన్నాయి. "రండమ్మా, తాయారు గారూ. లైటు వెయ్యను, ఏమనుకోకండి. పగలు లైటు వేస్తే పిల్లలకు నేనేం చెప్పగలను?" అన్నాడు. షష్టిపూర్తికి దగ్గర పడిన మనిషి. గోడ నిండా ప్రశంసాపత్రాలు, ప్రతి ఫొటోలోనూ ఆయన చేతిలో ఒక మొక్క. మూల కుర్చీలో పింకీ ముడుచుకుని కూర్చుంది. పెద్దవాళ్ళం మాట్లాడుకోవాలి, కాస్త బయట ఉండమ్మా అని తండ్రి అంటే, సీసా పట్టుకుని నడవాలోకి వెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు. కార్తికేయ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

మంగతాయారు చందు గురించి ఏమీ అడగలేదు. సొంతూరు అడిగింది. ఆయన ముఖం విప్పారింది. సత్తెనపల్లి. నాన్నగారికి బజార్లో దుకాణం ఉండేదట, ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు. సెలవుల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడట. అప్పు పెట్టిన రైతు పంట పోతే ఏ డబ్బా కొన్నాడో దాన్నే తాగేవాడని, ఆ శవాలు చూసే తను రసాయనాలు లేని సేద్యం వైపు వచ్చానని చెప్పాడు. ఈ కథ ఆయన సభల్లో చాలాసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిచెప్పి నునుపు తేలింది.

తనదీ చిలకలూరిపేట దగ్గరేనని ఆమె చెప్పింది. ఇద్దరూ కాసేపు తెల్లదోమ గురించి, కాయతొలుచు పురుగు గురించి మాట్లాడుకున్నారు. కార్తికేయ గడియారం చూసుకోవడం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"మా బాబాయి ఎప్పుడూ తప్పు వేళలో కొట్టేవాడండీ," అంది. "మీ నాన్నగారు మందు ఏ వేళ కొట్టమనేవారు?"

"పొద్దున్నేనమ్మా. మంచు ఆరాక, ఎండెక్కకముందు. గాలి ఉంటే అసలు కొట్టనిచ్చేవారు కాదు."

"వెంటనే చెప్పారు."

"పుట్టి పెరిగిందే ఆ వాసనలో కదమ్మా."

"మందు కొట్టడం అన్నాను. మీకు సీసా గుర్తుకు రాలేదు. చేను గుర్తుకొచ్చింది. ఆ కుర్రాడు అదే మాట అంటే మాత్రం సీసా అని రాసిచ్చారు."

గదిలో కంప్యూటరు మీది చిన్న దీపం ఆరి వెలిగింది. ద్వారకానాథ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. గాలిలో సరిగా వినపడలేదన్నాడు. తరవాత, పోలీసులు తొందరపెట్టారన్నాడు. తరవాత చాలాసేపు ఏమీ అనలేదు. అబద్ధం ఆడేవాడు మాట్లాడుతూ ఉంటే ఆమెకు పని తేలిక. ఊరుకుంటేనే కష్టం. ఎదురుగా ఒక దొంగకు బదులు అలిసిపోయిన మనిషి కనబడటం మొదలవుతాడు.

"చిల్లులున్న ఆకును ఎవరూ ఫొటో తియ్యరమ్మా," అన్నాడు చివరికి. గొంతులో నిష్ఠూరం. "పచ్చదనం అందరికీ కావాలి. పురుగు ఎవరికీ వద్దు. పోయిన ఏడాది పరిశీలకులొచ్చి క్యాబేజీ చూసి ముఖం చిట్లించారు. ఆ పలక రాయించింది వాళ్ళే. రెండుసార్లు కొట్టాను, అంతే. ఒక డబ్బాడు. వాడు చూశాడు, వద్దంకుల్ అన్నాడు. మంచి పిల్లాడు. కాని గురువారం నేను వాడి దగ్గరికే పోలేదు. నేను కొట్టింది పొద్దున, వాడు పడింది మధ్యాహ్నం. వాణ్ణి నేను తొయ్యలేదు."

"తోశారని నేననలేదు."

"ఎవరికీ ఏమీ కాలేదు కూడాను. శుక్రవారం తెల్లారకుండానే కేఫ్‌కు వెళ్ళే పైపు కట్టేయించాను."

అనేశాక గాని ఆయనకు తెలియలేదు. మంగతాయారుకు తెలిసింది. గుమ్మం దగ్గర కార్తికేయకు కూడా తెలిసింది. జేబులోంచి చేతులు బయటకు తీశాడు.

"తాగి ఒకడు కింద పడితే ట్యాంకులో నీళ్ళు ఎందుకు పాడవుతాయండీ?" అంది ఆమె మెల్లగా. "మందు డబ్బాలోకి నీళ్ళు ఆ ట్యాంకులోంచే పంపుతో తోడారు కదూ? గొట్టం కొసను ఆ డబ్బాలోనే వదిలి పక్కకు వెళ్ళారు. పంపు ఆగాక అది కలిపిన మందును ట్యాంకులోకి వెనక్కి పీల్చుకుంది. చందు నిచ్చెన ఎక్కింది ఆ మూత తీసి చూడటానికి. ట్యాంకు చూస్తన్నా అన్నాడు. ఆ ఆవిరికి తల తిరిగే పడ్డాడు."

ద్వారకానాథ్ బల్ల అంచు పట్టుకున్నాడు. కాదని అనలేదు.

తలుపు తెరుచుకుంది. పింకీ ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. తండ్రి వైపే చూస్తోంది.

"మందు అంటే డ్రింక్ అని నువ్వే కదా చెప్పావ్, డాడ్. ఐ ఆస్క్డ్ యూ. ఫస్ట్ నిన్నే అడిగా."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు.

అప్పుడు ఆ పిల్ల మంగతాయారు వైపు తిరిగి, మరి తనకెందుకు పెట్టాడు ఆ మెసేజి అని ఇంగ్లీషులో అడిగింది. పోలీసులకు పెట్టొచ్చు, ప్రిన్సిపాల్‌కు పెట్టొచ్చు, తనకెందుకు?

మంగతాయారుకు జవాబు తెలుసు. ఇందాకటినుంచీ నాలుక కింద ఉంది. పెద్దవాళ్ళ తప్పు చెప్పేటప్పుడు మనం పేరు ఎత్తం, వరసా ఎత్తం. వినేవాళ్ళకు తెలుస్తుందిలే అని వాక్యం మొదలు ఖాళీగా వదిలేస్తాం. ఎవరి దగ్గర ఆ ఖాళీ వదిలితే చాలునో వాళ్ళకే వదిలాడు చందు. మర్యాదగా. చివరికి ఆ మర్యాదే అతన్ని తాగుబోతును చేసింది. ఈ ముక్క చెప్పకుండా నివేదిక రాయవచ్చు. ఈ పిల్లను ఇక్కడితో వదిలేయవచ్చు. ఆరు రోజులుగా తను చెప్పలేకపోయిన మాటేదో వెతుక్కుంటున్న పిల్ల, ఇంకో అరవై ఏళ్ళు వెతుక్కుంటుంది.

"నాకు చెప్పు అనలేదమ్మా," అంది. "నువ్వయినా చెప్పు అన్నాడు. మీ నాన్నగారికి. తను చెబితే వినలేదు, నువ్వు చెబితే వింటారని."

పింకీ అర్థం కానట్టు చూసింది. తరవాత అర్థమైంది. ముఖంలో ఏమీ కదల్లేదు. కళ్ళు మాత్రం ఇందాకట్లాగే కారుతున్నాయి, వేగం పెరగలేదు, తగ్గలేదు. ఏదో ఒకటి చెయ్యాలి గనక చేసినట్టు, సీసా మూత తిప్పింది.

వేగం పెరగలేదు.

మంగతాయారు ఆ కళ్ళలోకి చూసింది. గదిలో చీకటి. కిటికీ తెరలు సగం దింపి ఉన్నాయి. కార్తికేయ కంటిపాపలు పెద్దవై ఉన్నాయి, ద్వారకానాథ్‌వీ అంతే. పింకీవి మాత్రం ఇక్కడ కూడా ఆవగింజలే. గుంటూరు పెద్దాసుపత్రిలో, పురుగుమందు తాగి బతికినవాళ్ళ మంచాల పక్కన కూర్చుని ఎందుకు చావాలనిపించిందని అడుగుతూ గడిపిన తొలి ఉద్యోగం. డాక్టర్లు వచ్చి రెప్పలెత్తి టార్చి వేసేవారు. కారే కళ్ళు, ఊరే నోరు, చెమట, వాంతి, సూది మొనంత కంటిపాప. తోటలో అవన్నీ వరసగా చూసి, దుఃఖం అని రాసుకుంది. చదువుకున్న చదువంతా ఆ ఒక్క మాట రాయడానికే పనికొచ్చింది.

"కేఫ్‌లో నీళ్ళు రావట్లేదు కదా," అంది. తన గొంతు తనకే దూరంగా వినిపించింది. "అది ఎక్కడ నింపుకుంటున్నావు?"

"ట్యాంక్ కింద ట్యాప్ ఉంది కదా, ఆంటీ." పింకీ సీసా కేసి చూసుకుంది. రోజూ పొద్దున చందు నింపి పెట్టేవాడని, అతను పోయాక తనే వెళ్ళి అక్కడే పట్టుకుంటోందని చెప్పింది. అక్కడ కాసేపు నిలబడితే అతను ఉన్నట్టే ఉంటుందట.

కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. ద్వారకానాథ్ లేచాడు. లేచి, కూతురి వైపు ఒక అడుగు వేసి, ఆగిపోయాడు. చేతులు గాలిలో ఉన్నాయి. దగ్గరికి వెళ్ళే హక్కు తనకింకా ఉందో లేదో తెలియనివాడిలా నిలబడ్డాడు.

"అంబులెన్స్," అంది మంగతాయారు వెనక్కి తిరగకుండా. "పురుగుమందు అని చెప్పు, కార్తికేయా. ఇంగ్లీషులో చెప్పు. స్పష్టంగా చెప్పు."

అతను అప్పటికే నంబరు నొక్కుతున్నాడు.

పింకీ సీసా పెదవులదాకా ఎత్తింది. మంగతాయారు బల్లను చుట్టి వచ్చి, ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది. వేళ్ళ కింద నాడి మెల్లగా, మరీ మెల్లగా కొట్టుకుంటోంది. సీసా చుట్టూ బిగుసుకున్న వేళ్ళను రెండో చేత్తో ఒక్కొక్కటే విడదీసి, సీసాను తీసుకుంది.